పన్నెండు జతల చెప్పులు

నా భార్య పోయిన తర్వాత మా ఇంట్లో పెరిగినవి చెప్పులు.

ఆమె ఉన్నప్పుడు సాయంత్రం ఐదింటికి గుమ్మం ముందు పన్నెండు జతలు ఉండేవి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సూరత్‌లో, ఉధ్నా పేటలో మా అద్దె ఇంటి ముందు గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఆ గదిలో ఆమె పద్దెనిమిదేళ్లు ట్యూషన్ చెప్పింది. వచ్చేది మరమగ్గాల పనికి ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్లు బడిలో గుజరాతీ వింటారు, వీధిలో హిందీలో పోట్లాడతారు, ఇంట్లో తెలుగులో అన్నం అడుగుతారు. సైన్సు మాత్రం ఏ భాషలో అడిగినా రాదు. ఆమె ముందు బడి పుస్తకంలో ఉన్నట్టు చెప్పేది. తర్వాత అదే సంగతి మన మాటల్లో చెప్పేది. ఆ తర్వాత "ఏం సమజైందో నాకు చెప్పు" అని పిల్లల ఎదురుగా కూర్చునేది. ఆ మూడోదే అసలు ట్యూషన్.

పదమూడో పిల్లను ఎప్పుడూ తీసుకోలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"పదమూడో పిల్ల మొఖం నాకు కనవడది," అంది.

మొహం కనబడనంత పెద్దది కాదు ఆ గది. గర్వం అనుకున్నాను. మనసులోనే అనుకున్నాను. పెళ్లయ్యాక నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

నేను పాండేసరాలో దారానికి రంగు వేసే మిల్లులో రంగు మాస్టర్‌గా చేసి మానేసినవాణ్ణి. ఇంట్లో పని పంపకం ఇలా ఉండేది: ఆమె మాట్లాడేది, నేను చదివేవాణ్ణి. ట్యూషన్ జరుగుతుంటే లోపలి గదిలో ఏదో ఒక పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. మాకు పిల్లల్లేరు. ఆ మాట విని ఎవరైనా అయ్యో అనబోతే ఆమె గుమ్మం ముందున్న చెప్పుల్ని చూపించేది.

పదకొండో రోజు కార్యం అయిపోయింది. బంధువులు రైలెక్కారు. మర్నాడు సాయంత్రం ఐదింటికి తలుపు తీసి చూస్తే పన్నెండు మందీ వరుసగా నిలబడి ఉన్నారు. ముందు నిలబడ్డది పదో తరగతి పిల్ల. పొడుగు మనిషి, పెద్ద నోరు. దాని వెనక దాని చెల్లెలు. ఏడో తరగతి, నోరే లేదు.

"పెద్దబాపూ, ఇయ్యాల సోమవారం," అంది పెద్దది. పిల్లలందరూ నన్ను పెద్దబాపు అనే పిలుస్తారు, ఆమెను పెద్దమ్మ అనేవారు. "సోమవారం సైన్స్ ఉంటది."

"ట్యూషన్ లేదమ్మా ఇక. పెద్దమ్మ..."

"మాకు ఎరికే గదా. మేం గూడ అచ్చినం గదా ఆనాడు. మరి నువ్వు చెప్పు."

"నాకు చెప్పడం రాదు."

"ఎప్పుడు సూసినా బుక్కు పట్కోని కూసుంటవ్. అన్ని బుక్కులు చదివి ఏం చేసినవ్ మరి?"

ఈ ప్రశ్న ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఉన్నదే. పక్కకు జరిగి దారి ఇచ్చాను.

ఆమె పాఠాలు రాసుకున్న పొడుగు నోటుబుక్కు అలమారలో ఉండేది. ఆ పదకొండు రోజుల్లో ఒక్కరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆ సాయంత్రం దాన్ని తెచ్చి ఒళ్లో పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె రాత ఆమె మాటలాగే ఉంటుంది, చుట్టూ తిరగదు. "ప్రాణమున్న ప్రతిదీ కణాలతోనే తయారవుతుంది. కొన్నిటికి ఒకటే కణం, కొన్నిటికి లెక్కలేనన్ని. కణం చుట్టూ పొర ఉంటుంది. తిండి రావాలన్నా, చెత్త పోవాలన్నా ఆ పొర గుండానే. లోపల కేంద్రకం. ఏ పని ఎలా చేయాలో రాసి ఉండేది అక్కడ. కొత్త కణం పాత కణం నుంచే వస్తుంది, ఇంకెక్కడి నుంచీ రాదు." పక్కన ఒక హెచ్చరిక: "కణం ఇల్లులాంటిది అని చెప్పొద్దు. ఇల్లు అన్నం తినదు."

చదవడం అయ్యాక తల ఎత్తాను. పన్నెండు మందీ రాసుకుంటున్నారు. ఆమె పోయిన తర్వాత ఆ గదిలో మొదటిసారి పెన్నుల చప్పుడు వినిపించింది. ట్యూషన్ ఆగకూడదు అని ఆ నిమిషంలో అనుకున్నాను. ఆమె వదిలిపెట్టి వెళ్లిన పనుల్లో నాకు చేతనయ్యేది ఇది ఒక్కటే కనబడింది. వంట ప్రయత్నించి చూశాను, అది కాదు.

తర్వాత వారం ఒక తల్లి వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని.

"అన్నా, వదిన మాటిచ్చింది. ఈ యేడు మా పిల్లను తీస్కుంటనన్నది."

ఆమె ఇచ్చిన మాట. కాదని ఎలా అనను? తీసుకున్నాను. రెండు రోజులకు ఇంకొక తల్లి, ఇంకొక మాట. ఆ వారం మరో ఇద్దరు. చనిపోయిన మనిషి ఇచ్చిన మాటల్ని సరిచూసుకునే దారి లేదు కాబట్టి అవి చాలా తొందరగా పెరుగుతాయి. బమ్రోలి నుంచి ఒక షేర్ ఆటోలో ఎనిమిది మంది దిగారు. ఆ ఎనిమిది మంది తల్లులకూ ఆమె మాట ఇచ్చిందట. ఆమె బమ్రోలికి వెళ్లి నాకు తెలిసి మూడేళ్లయింది.

రెండు నెలల్లో గుమ్మం ముందు ఇరవై నాలుగు జతలయ్యాయి. పక్కింటావిడ నీళ్ల బిందెతో వాటిని దాటలేక "భాయీసాబ్, చెప్పుల షాపు పెట్టినవా?" అని హిందీలో అడిగింది. నాకు లోలోపల సంతోషంగానే ఉండేది. ఆమె పన్నెండు మందికి చెప్పింది, నేను ఇరవై నలుగురికి చెబుతున్నాను. పద్దెనిమిదేళ్లలో ఆమె చేయలేనిది రెండు నెలల్లో చేశాను. గోడ మీది ఫొటోకు ఈ సంగతి ఒకసారి చెప్పాను కూడా. ఫొటోలో ఆమె అంతకుముందు ఎలా చూసేదో అలాగే చూసింది.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఆ గదిలో ఇరవై నాలుగు మంది కూర్చుంటే మనిషి నడవడానికి సందు ఉండదు. ముందు వరుసకు నేను అందుతాను. గోడల పక్కన కూర్చున్నవాళ్లు గోడకు ఆనుకుని, ఒకరి మీద ఒకరు వాలి, ఎలాగో నన్ను చేరుకుంటారు. తలుపు దగ్గరివాళ్లు బయటికి వెళ్లి చుట్టూ తిరిగి కిటికీలోంచి అడుగుతారు. నడిమధ్యన ఉన్నవాళ్లు ఎటూ రాలేరు. పైగా నా గొంతు చిన్నది. మిల్లులో యంత్రాల పక్కన అరిచినా ఎవరికీ వినబడదు కనుక నేను అరవడం ఎన్నడూ నేర్చుకోలేదు. అక్కడ పనంతా చేతి సైగలతో జరిగేది.

నోరులేని చిన్నపిల్ల ఆ నడిమధ్యన కూర్చునేది. నా భార్య ఉన్న రోజుల్లో దానిది ఒక పద్ధతి. అర్థం కాకపోతే అడగదు. నోటుబుక్కులో ప్రశ్న రాసి, బుక్కును నేల మీద ముందుకు జరుపుతుంది. ఆమె చూసి, అందులోనే జవాబు రాసి, వెనక్కి జరిపేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ బుక్కు ముందుకు జరిగితే మధ్యలో మూడు వరుసలు. ఒక్కొక్కరూ అందుకుని పక్కవాళ్లకు ఇస్తారు. చాలాసార్లు అది నా దాకా రాకుండానే వెనక్కి వెళ్లేది. ఒకసారి జవాబుకు బదులు ఎవరో వేసిన నా బొమ్మతో వెళ్లింది. మీసాలు బాగానే వేశారు.

ఒకరోజు ఆ అక్కచెల్లెళ్ల తల్లి వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. వేళ్లకు ఇంకా జిగురు ఉంది.

"అన్నా, తప్పు వట్టుకోకు. చిన్నదానికి సైన్స్‌ల రెండే మార్కులచ్చినయ్. ఇరవైకి రెండు. వదిన ఉన్నప్పుడు పదిహేడు వచ్చేటియి."

"నేను చెప్పిన పాఠమే గదమ్మా వచ్చింది పరీక్షలో."

"నువ్వు చెప్పుడు మంచిగనే చెప్తవట. దాని దాక అందుతలేదు. ఈ నెల చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే రోడ్డు మీద పెద్ద ట్యూషన్ క్లాసుల ఏస్త ఇద్దర్నీ."

"నేను చూసుకుంటాను."

"చూస్కో అన్నా. వదిన మొఖం చూసి నెల రోజులు ఆగుతున్న."

కొత్తగా వచ్చిన పన్నెండు మంది వెళ్లిపోతే బాధపడేవాణ్ణే, కానీ తట్టుకునేవాణ్ణి. ఈ చిన్నపిల్ల అలా కాదు. నా భార్య తన చేతులతో చేర్చుకున్న ఆఖరి పిల్ల. అది వెళ్లిపోతే ఆమె ట్యూషన్ పోయినట్టే. మిగిలేది నేను నడిపే గుంపు.

ఆ వారం పాఠం: కణాలు ఎందుకు చిన్నగా ఉంటాయి.

ఆమె నోటుబుక్కులో పేజీ పైన ఇలా ఉంది: "ముక్కలు కోసి రంగులో వేసి చూపించు." రంగు అనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. సైన్సు ఆమెది కావచ్చు, రంగు నాది. ఆలుగడ్డల్ని నలుచదరంగా చిన్న ముక్కలు, పెద్ద ముక్కలు కోశాను. మిల్లులో పాత స్నేహితుణ్ణి అడిగి మంచి రాణీ రంగు పొట్లం తెచ్చాను. నీళ్లలో కలిపి, ముక్కలు వేసి, పిల్లలందరి ముందు మూత పెట్టాను.

"రేపు సాయంత్రం చూడండి," అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

మర్నాడు మూత తీశాను. రంగు అడుగున పొడిలా పేరుకుంది. ఆలుగడ్డ ముక్కలు కడిగితే ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. కోస్తే లోపల ఇంకా తెల్లగా ఉన్నాయి.

పెద్దపిల్ల మొదలుపెట్టింది.

"పెద్దబాపూ, మిల్లుల ఏం పని చేసినవ్ అన్నవ్?"

"రంగు మాస్టర్."

"ఎన్నేండ్లు?"

"ఇరవై ఎనిమిది."

"ఇరవై ఎనిమిదేండ్ల రంగు మాస్టర్‌తోని ఒక్క ఆలుగడ్డకు రంగు వట్టలే!"

ఇరవై నాలుగు మంది నవ్వితే ఆ గదిలో గాలి చాలదు. నేను కూడా నవ్వాను. తప్పు ఎక్కడుందో అప్పటికే తెలిసింది. సూరత్‌లో మేం రంగు వేసేది పాలిస్టర్‌కు. ఆ రంగు చన్నీళ్లలో కరగదు. మరిగే నీళ్లను మించిన వేడిలో, మూత బిగించిన యంత్రంలో వేస్తేనే దారానికి పడుతుంది. ఆలుగడ్డను అలా ఉడికిస్తే కూర కూడా మిగలదు. ఇంత చిన్న సంగతి ఈ ఊళ్లో మగ్గం పనివాడు కూడా చెబుతాడు. నేను మాస్టర్‌ను కనుక నాకు తట్టలేదు.

నోటుబుక్కులో పేజీ తిప్పితే, వెనక వైపు ఆమె రాసిపెట్టి ఉంది: "ఆలుగడ్డ వద్దు. చైనాగ్రాస్ ఉడికించి డబ్బాలో గడ్డకట్టించి కోయాలి. బీట్‌రూట్ నీళ్లు." ఆ పేజీ మూల పసుపు మరక. వంట చేస్తూ రాసి ఉంటుంది.

చైనాగ్రాస్ అంటే స్వీట్లలో వేసే సముద్రపు నాచు. ఉడికిస్తే గట్టి జెల్లీ అవుతుంది. స్టీలు టిఫిన్ డబ్బాలో గడ్డకట్టించి, అన్ని వైపులా సమానంగా ఉండేలా మూడు ముక్కలు కోశాము. ఒక సెంటీమీటరుది, రెండు సెంటీమీటర్లది, నాలుగు సెంటీమీటర్లది. బీట్‌రూట్ తురిమి పిండిన నీళ్లలో వేసి మర్నాటి దాకా ఉంచాము. ఈసారి నేను గొప్పగా ఏమీ అనలేదు.

మర్నాడు పెద్దపిల్ల కత్తి తీసుకుంది. చిన్న ముక్క కోసింది. లోపలిదాకా ఎరుపు. మధ్య ముక్క కోసింది. ఎరుపే, నడుమ కొంచెం లేత. పెద్దది కోసింది. చుట్టూ ఎర్రటి అంచు, లోపల పెద్ద తెల్లటి చదరం.

"ఇప్పుడు లెక్క," అన్నాను. "చిన్న ముక్కకు ఎన్ని ముఖాలు?"

"ఆరు," అన్నారు అందరూ.

"ఒక్కో ముఖం ఒక చదరపు సెంటీమీటరు. మొత్తం పైభాగం ఆరు. లోపలి సరుకు ఒక ఘనపు సెంటీమీటరు. అంటే లోపల ఒక పాలుకు బయట ఆరు పాళ్ల పొర. రెండు సెంటీమీటర్ల ముక్కకు?"

గోడ పక్క పిల్లవాడు వేగంగా చేశాడు. "పైన ఇరవై నాలుగు. లోపల ఎనిమిది. ఒక్కదానికి మూడే పెద్దబాపూ!"

"నాలుగు సెంటీమీటర్లది?"

"పైన తొంబై ఆరు, లోపల... అరవై నాలుగు." ఆగాడు. "ఒకటిన్నర! ముక్క పెద్దగైతే తగ్గుతున్నది!"

"పొర కూడా పెరుగుతుంది. కానీ లోపలి సరుకు అంతకంటే తొందరగా పెరుగుతుంది. కణానికి తిండి, గాలి వచ్చేది పొర గుండా. చెత్త పోయేదీ అటే. కణం పెద్దదవుతుంటే లోపల తినేవాళ్లు పెరుగుతారు, తలుపులు అంతగా పెరగవు. మధ్యలో ఉన్నదానికి ఏమీ అందదు. అందుకని కణం ఒక మేర దాకా పెరిగి రెండుగా విడిపోతుంది. ఏనుగు కణాలు, ఎలుక కణాలు దాదాపు ఒకే సైజు. ఏనుగుకు ఎక్కువ ఉంటాయి, అంతే."

"మరి గుడ్డు?" అన్నాడు తలుపు దగ్గర ఇంకొకడు. "మా సార్ చెప్పిండు, గుడ్డుల పచ్చసొన ఒక్కటే కణమని. గది గంత పెద్దగ ఎట్లున్నది?"

"అందులో ఎక్కువ భాగం దాచుకున్న తిండి. బతికి పనిచేసే భాగం పైన చిన్న చుక్క. అన్నం బస్తా పక్కన ఒక్క మనిషి కూర్చున్నట్టు."

"బస్తా మీద కూసున్నడు, వానికేం ఫికర్," అంది పెద్దపిల్ల.

ఇంకా ఎన్నో అడిగారు. వీపు నుంచి కాలి దాకా పోయే నరాల కణం సంగతి చెప్పాను. అది చాలా పొడుగు, కానీ దారం కంటే సన్నం. ఎంత పొడుగైనా దాని లోపల ఏ భాగమూ పొరకు దూరంగా ఉండదు. ఇది పిల్లలకు వెంటనే ఎక్కింది. దారం గురించి మగ్గాల పిల్లలకు నేను చెప్పేదేముంది. పేగు లోపలి పొర చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా ఎందుకుంటుందో కూడా వాళ్లే చెప్పారు: తక్కువ చోటులో ఎక్కువ బట్ట పట్టడానికి.

అప్పుడు పెద్దపిల్ల కత్తి మొనతో పెద్ద ముక్క నడుమనున్న తెల్లటి చదరాన్ని పొడిచింది.

"పెద్దబాపూ, గిది మా చెల్లె," అంది.

గది గొల్లుమంది. నడిమధ్యన కూర్చున్న చెల్లెలు నోటుబుక్కుతో మొహం కప్పుకుంది. నవ్వుతూనే ఉంది, భుజాలు కదులుతున్నాయి. నేను మాత్రం ఆ ముక్క వంక చూస్తూ ఉండిపోయాను.

ఇరవై ఎనిమిదేళ్లు నేను చూసింది ఈ తెల్లటి చదరాన్నే. మిల్లులో దారాన్ని రంధ్రాలున్న గొట్టానికి వదులుగా చుట్టి రంగులోకి పంపుతాం. చుట్టేవాడు ఆశకొద్దీ ఎక్కువ దారం బిగించి చుడితే, పైన చిక్కటి రంగు, లోపల పాలిపోయిన దారం. ఆ చుట్టలు ఎన్ని వెనక్కి తిప్పి పంపానో లెక్కలేదు. "పట్టినంత చుట్టకండిరా, రంగు పోయేంత చుట్టండి" అని ఎందరిని తిట్టానో లెక్కలేదు. అలాంటి నేను ఇరవై నాలుగు మందిని ఒక గదిలో బిగించి చుట్టి, ఆమె ఫొటోకు గొప్పలు చెప్పాను. పదమూడో పిల్ల మొహం కనబడదని ఆమె అన్నది గర్వంతో కాదని తెలియడానికి నాకు ఒక టిఫిన్ డబ్బా చైనాగ్రాస్ కావలసి వచ్చింది.

ఎవరినీ వెళ్లిపొమ్మనలేను. కణం అలా చేయదు కూడా. విడిపోతుంది.

మరుసటి ఆదివారం నోటుబుక్కు సంచిలో పెట్టుకుని ఆటోలో బమ్రోలి వెళ్లాను. అక్కడ ఒక అమ్మాయి ఉంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా నా భార్య దగ్గర చదివింది. ఇప్పుడు కాలేజీలో బీఎస్సీ. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది.

"ఏంది పెద్దబాపూ, గింత దూరం అచ్చినవ్? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా."

సంగతి చెప్పాను. బమ్రోలి పిల్లలు ఎనిమిది మంది, పాండేసరా వైపు వాళ్లు నలుగురు. పన్నెండు మందిని తీసుకుని ఇక్కడే చెప్పగలదా అని అడిగాను.

"చెప్త," అంది. "కానీ పన్నెండే. పదమూడో పిల్లను తేవద్దు."

"నీకెవరు చెప్పారు పన్నెండని?"

"పెద్దమ్మ దగ్గర ఏడేండ్లు కూసున్న. ఒకరు చెప్పాల్నా?"

ఆమె గుట్టు అందరికీ తెలుసు, లోపలి గదిలో పుస్తకం చదువుతున్న నాకు తప్ప.

"ఒక్కటి అడుగుత," అంది ఆ అమ్మాయి. "పెద్దమ్మ బుక్కు ఇస్తవా?"

సంచి మీద చెయ్యి పెట్టాను. "జిరాక్స్ తీయించి ఇస్తాను."

"జిరాక్స్ నాకు, అసల్ది నీకా?"

"అవును."

నవ్వింది. పెద్దవాళ్లు పాఠం తప్పు చెప్పినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు. "కణం విడిపోయేటప్పుడు గట్ల చెయ్యదు పెద్దబాపూ. విడిపోకముందు లోపల రాసి ఉన్నది మొత్తం కాపీ ఐతది, గది నీకెరికే. కానీ పాతది ఒకరికి, కొత్తది ఒకరికి ఇయ్యది. లోపల ఉన్నది రెండు పోగుల దారం. రెండు పోగులు విడిపోయి, ఒక్కోదాని పక్కన ఒక కొత్త పోగు తయారైతది. రెండు కణాలకూ సగం పాతది, సగం కొత్తది."

"అది నేను చదివాను," అన్నాను.

"చదివినవ్ గదా, మరి చెయ్యి."

ఈ ఊళ్లో ఆడపిల్లలందరూ నాతో ఒకే రకంగా మాట్లాడతారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసు కనుక ఏమీ అనలేను.

ఇంటికి వచ్చి రెండు రోజులు నోటుబుక్కును అలమారలోనే ఉంచాను. ట్యూషన్ ఆగకూడదని నేను అనుకున్న మాట నిజమైతే, ఆ బుక్కు ఒక్క ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మూడో రోజు కుట్టు దారం బ్లేడుతో కోసి కాగితాలు విడదీశాను. దారంతో పని చేసినవాణ్ణి, ఒక్క కాగితమూ చినగలేదు. ఉధ్నా స్టేషన్ దారిలో జిరాక్స్ దుకాణానికి తీసుకెళ్లాను. ఒక కాగితం గాజు మీద పెట్టి దుకాణం అతను ఆగాడు.

"కాకా, యే దాగ్ నికాల్ దూఁ? సాఫ్ ఆయేగా." మరక తీసేస్తే శుభ్రంగా వస్తుందని.

"రహనే దో," అన్నాను. ఉండనివ్వమని.

ఇంటికి వచ్చి నేల మీద పరిచాను. ఒక కాగితం అసలుది బమ్రోలికి, దాని నకలు నాకు. తర్వాతి కాగితం అసలుది నాకు, నకలు బమ్రోలికి. మధ్యలో ఏరుకోకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. పసుపు మరక ఉన్న కాగితం ఇటువైపు రావాలని మనసులో ఉంది. వరుసలో అది బమ్రోలికి వెళ్లింది. ఒకసారి మొదటి నుంచి మళ్లీ పంచుదామా అనిపించింది. పంచలేదు. గట్టి దారంతో రెండు కట్టలు కుట్టాను.

తర్వాతి వారం నుంచి మా గుమ్మం ముందు పన్నెండు జతలు ఉంటున్నాయి. గదిలో నేను నడవడానికి సందు వచ్చింది. పక్కింటావిడ బిందెతో మామూలుగా నడిచి వెళ్తోంది.

నెలాఖరుకు ఆ తల్లి వచ్చింది. పాఠం నడుస్తోంది కనుక లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. చెప్పుల వంక చూసింది, పిల్లల వంక చూసింది. నేను కణాల పాఠమే మరోసారి చెబుతున్నాను, ఏడో తరగతి వాళ్ల కోసం. "కొత్త కణం పాత కణం నుంచే వస్తుంది" అన్న వాక్యం దగ్గర ఆగాను.

నేల మీద చప్పుడు లేకుండా ఒక నోటుబుక్కు జరుగుతూ వచ్చి నా మోకాలికి తగిలింది. మధ్యలో ఎవరి చేతుల మీదుగానూ రాలేదు. తీసి చూశాను. గుండ్రటి అక్షరాలతో ఒకే ప్రశ్న: "మరి మొట్టమొదటి కణం ఎక్కడి నుంచి వచ్చింది?"

నాకు తెలియదు. నా ఒళ్లో ఉన్న కట్టలో కణాల పాఠం ఆఖరి పేజీ తిప్పాను, చైనాగ్రాస్ సంగతి ఉన్నదాని నకలు. మరక నల్లగా వచ్చింది. దాని కింద, అంతకుముందు నేను చాలాసార్లు చూసి కూడా పట్టించుకోని ఒక వరుస ఆమె రాతలో ఉంది: "ఇక్కడ ఒకరు మొదటి కణం గురించి అడుగుతారు. ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదని చెప్పాలి. అడిగినందుకు మెచ్చుకోవాలి."

పిల్ల నోటుబుక్కులో ప్రశ్న కింద రాశాను: "ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. మంచి ప్రశ్న." వెనక్కి జరిపాను.

అది చదివి, మళ్లీ ఏదో రాసి, మళ్లీ ముందుకు జరిపింది.

"పెద్దమ్మకు గూడ?"

"పెద్దమ్మకు కూడా," అని రాశాను.

గుమ్మంలో తల్లి ఇదంతా చూస్తోంది. పెద్దకూతురు అటు తిరిగి, "ఏందే అమ్మా, గట్లనే నిలవడ్డవ్? పోతున్నమా, ఉంటున్నమా?" అంది.

"మాట్లాడకు, పాఠం విను," అంది తల్లి. వంగి, గుమ్మానికి అడ్డంగా పడి ఉన్న కూతుళ్ల చెప్పుల్ని మిగిలిన పది జతల పక్కన వరుసలో సర్ది వెళ్లిపోయింది.